నల్ల టేపు చుట్టిన సీసా

మా ఇంటికి పొద్దున్నే ఎనిమిదింటికి ఒక పిల్ల వస్తుంది. నాకు తుంటి విరిగి ఆపరేషన్ అయినప్పటి నుంచీ, అంటే మొన్న వానాకాలానికి రెండేళ్ళు నిండాయి, నన్ను లేపడం, కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, మందులు మింగించడం అన్నీ ఆ పిల్లే. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు మనుషుల్ని పంపే కంపెనీ ఒకటుంది, వాళ్ళ తరఫున వస్తుంది. వచ్చిన మొదటి రోజే దానికి నేను పిచ్చుక అని పేరు పెట్టాను. నిలబడే తింటుంది, నడుస్తూ టీ తాగుతుంది, ఒకచోట కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. ఇరవై ఆరేళ్ళు. నాలుగేళ్ళ కూతురు. ఆ కూతురికి పొద్దున్నే రెండు జడలు వేసి బడిలో దింపి, అక్కడి నుంచి సగం పరుగుతో మా మెట్లెక్కుతుంది.

ఈ పని చేసేవాళ్ళందరికీ ఒక అలవాటు ఉంది. కంపెనీ ఇచ్చే గ్లౌజులు ఉల్లిపొరంత పల్చగా ఉంటాయి, మణికట్టు దగ్గర వదులు. మాలాంటి వాళ్ళను కడిగేటప్పుడు ఆ నీళ్ళు గ్లౌజులోకి దిగిపోతాయి. ఎలాంటి నీళ్ళో నేను వేరే చెప్పక్కర్లేదు. అందుకని మణికట్టు మీద ఒక రబ్బరు బ్యాండు వేసి బిగిస్తారు. ఇది కంపెనీ నేర్పినది కాదు, పాతవాళ్ళు కొత్తవాళ్ళకు చెప్పుకునేది. పిచ్చుక సంచీలో ఎప్పుడూ గుప్పెడు బ్యాండులు ఉండేవి. బయటి నీళ్ళను లోపలికి రానివ్వని బ్యాండు, లోపలికి వచ్చినదాన్ని బయటికి పోనివ్వదని ఎవరికీ తట్టలేదు. ఆరుగురిని కన్న నాకూ తట్టలేదు.

ఇక మరక సంగతి. నా స్నానాల కుర్చీకి ఇనుప కాళ్ళు. కింద తొడిగిన రబ్బరు బుడిపెలు రెండు ఎప్పుడో ఊడిపోయాయి. ఆ రెండు కాళ్ళ కిందా గచ్చు మీద తుప్పు పట్టి, మొదట బొత్తామంత ఉన్న మరకలు ఏడాది తిరిగేసరికి సాసరంత అయ్యాయి. రోజూ ఆ కుర్చీలో తల వంచుకుని కూర్చుంటే నాకు కనబడేవి నా రెండు పాదాలూ, ఆ రెండు మరకలూ. నా చేతుల్లో బలం ఉన్న రోజుల్లో మా స్నానాల గదిలో ముఖం చూసుకోవచ్చు అనేవాళ్ళు. ఆ మరకలు చూస్తే నాకు అన్నం సయించేది కాదు. కోడలితో అన్నాను. దానికి కొట్టులో నిలబడే ఉద్యోగం, సాయంత్రానికి కాళ్ళు వాచి వస్తుంది, "చూద్దాంలెండి అత్తయ్యా" అనేది. ఆ చూద్దాం ఆరు నెలలు నడిచింది. ఇక పిచ్చుక ప్రాణం తీయడం మొదలుపెట్టాను.

పిచ్చుక ఒప్పుకోలేదు. మా ఫ్రిజ్జు తలుపుకి కంపెనీ వాళ్ళు అంటించిన కాగితం ఉంది. ఒక పక్క చేయాల్సిన పనులు, ఇంకో పక్క చేయకూడనివి. నేను కూడబలుక్కుని చదివేసరికి తెల్లారుతుంది కాబట్టి అదే చదివి వినిపించింది. గచ్చు తోమడం చేయకూడని పక్కన ఉంది. అంతకు ముందు ఇంకో ఇంట్లో ఎవరో ముసలాయన బతిమాలితే కిటికీలు తుడిచిందట, అది ఆఫీసుకు తెలిసి ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారట. ఇంకొకసారి ఇలాంటిది వస్తే ఇంటికి పంపేస్తామన్నారట. ఇదంతా నాకు తెలుసు. తెలిసే పోరాను.

ఆ రోజు నాకు స్నానం అయిపోయింది, తల తుడిచి, చీర కట్టి మంచం మీద కూర్చోబెట్టింది. ఇంకా తొమ్మిది కాలేదు. నేను మళ్ళీ మొదలుపెట్టాను. ఐదు నిమిషాల పని, నువ్వు చెప్పవు, నేను చెప్పను, ఆ గోడలకు నోరుందా అన్నాను. అది నవ్వి, సబ్బుతో ఎన్నిసార్లు రుద్దినా పోలేదు కదా అంది. అప్పుడు నాకు మా అబ్బాయి సీసా గుర్తొచ్చింది.

మా అబ్బాయి బస్సుల డిపోలో మెకానిక్. మూడేళ్ళ కిందట ఒక ఆదివారం వాకిట్లో కూర్చుని పాత సైకిలు రిమ్ములు తుడిచాడు. మోచేతుల దాకా వచ్చే దళసరి గ్లౌజులు తొడుక్కున్నాడు. ఏరా, ఆవుకు పురుడు పోస్తున్నావా అని నేను వేళాకోళం చేశాను. వాడు నవ్వలేదు. ఒక షాంపూ సీసాలోంచి కాస్త పోసి రుద్దితే, పదేళ్ళ తుప్పు నీళ్ళలా కారిపోయింది. ఆ సీసా మూతకి నల్ల టేపు చుట్టి, వంటింటి తొట్టి కింద అరలో, అన్నిటికన్నా వెనక్కి తోశాడు. వాడు కట్టుకున్న లుంగీ రంగు కూడా నాకు గుర్తుంది. ఏం లాభం, ఆ గ్లౌజులు ఎందుకు తొడుక్కున్నాడో మాత్రం నా బుర్రకు ఎక్కలేదు.

పిచ్చుక వంగి, డబ్బాలన్నీ జరిపి, సీసా తీసుకొచ్చింది.

"ఇదేంటి అమ్మమ్మా, షాంపూకి ఇంత బందోబస్తు?"

"కారకుండా చుట్టాడులే. మూత వదులేమో."

గ్లౌజులు తొడుక్కుంది, బ్యాండులు బిగించింది, మోకాళ్ళ మీద కూర్చుంది. తలుపు తీసే ఉంది కాబట్టి నాకు మంచం మీదికి కనబడుతూనే ఉంది. మరక మీద పోసి, ఇనప పీచుతో రుద్దింది. ఇనప పీచు పల్చటి గ్లౌజును బతకనిస్తుందా. కుడిచేతి వేళ్ళ దగ్గర ఎక్కడో పొడిచి ఉంటుంది, కంటికి ఆనని బెజ్జాలు. మరక మాత్రం చూస్తుండగానే పోయింది. నాకైతే పండగ వచ్చినట్టే ఉంది. అది రెండో మరక కూడా తోమి, మగ్గుతో నీళ్ళు కొట్టి, చేతులు విదిలించుకుంటూ వచ్చింది.

"లోపలంతా చెమట పట్టేసింది అమ్మమ్మా" అంది.

బ్యాండులు తీసి గ్లౌజులు లాగితే, కుడిచేతి వేళ్ళు నాలుగూ తెల్లగా నానిపోయి, ముడతలు పడి ఉన్నాయి. నా చేతి పక్కన పెట్టి చూపించింది. "నీ చేతులొచ్చేశాయి నాకు" అంది. ఇద్దరం ఎంత నవ్వామో. మనవరాలివి కదా, పోలికలు రావూ అన్నాను నేను. ఒక్క క్షణం కుళాయి కింద పెట్టి, తువాలుతో తుడుచుకుని, సంచీ తగిలించుకుని పది గంటలకు వెళ్ళిపోయింది. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. దాన్ని వెనక్కి తీసుకునే వీలుంటే తీసేసుకునేదాన్ని.

పదకొండింటికి మా అబ్బాయి ఫోన్ చేస్తాడు, టీ విరామంలో, నేను మాత్రలు వేసుకున్నానా లేదా అని. నేను మాత్రల మాట దాటేసి గచ్చు మాట ఎత్తుకున్నాను. అద్దంలా ఉంది, నువ్వు రా చూద్దువుగానీ అన్నాను.

"దేంతో తోమింది?" అన్నాడు.

"నీ సీసాతోనే. నల్ల టేపుది."

అవతల ఎవరో బస్సు ఇంజను మోత పెంచుతూ తగ్గిస్తూ ఉన్న చప్పుడు మాత్రం వస్తోంది. లైను కట్ అయిందేమో అనుకున్నాను.

"నువ్వు ముట్టుకున్నావా?"

"లేదురా."

"నిజం చెప్పమ్మా."

"ముట్టుకోలేదన్నానా. ఆ పిల్లే తోమింది. గ్లౌజులు వేసుకుందిలే."

"ఏ గ్లౌజులు? స్నానం చేయించే గ్లౌజులా?"

వాడి గొంతు అలా ఉండగా నేను ఒక్కసారే విన్నాను, వాళ్ళ నాన్న పోయిన రోజున. చేతికి తగిలిందా అని అడిగాడు. లేదు, బాగానే ఉంది, మంట లేదు, నొప్పి లేదు, నవ్వుకుంటూ వెళ్ళింది అన్నాను. వాడు "అదే నాకు భయం" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. డిపోలో చక్రాలు కడిగే మనిషి ఒకడుండేవాడట. చక్రాల తుప్పు వదిలించే యాసిడ్, ఆ సీసాలో ఉన్నదే, వాడికి చూపుడు వేలి మీద పడింది. పొద్దున పడితే ఏమీ తెలియలేదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని తిన్నాడు, అందరితో జోకులేశాడు. సాయంత్రం బస్సు దిగేటప్పుడు వేలు పట్టుకుని రోడ్డు మీద దొర్లాడు. మూడో రోజుకి వేలు నల్లబడింది. రెండో కణుపు దాకా తీసేశారు. మిగతా యాసిడ్‌లలా ఇది పైతోలును కాల్చి ఊరుకోదట. తోలు దాటి, చప్పుడు చేయకుండా ఎముక దాకా దిగుతుందట. ఒంట్లో సున్నం పీల్చేస్తుందట. ఎక్కువ పడితే గుండె కూడా ఆగుతుందట. నొప్పి తెలిసేసరికి లోపల దాని పని అది సగం చేసుకుపోయి ఉంటుంది. ఆ వేలు పోయాక డిపోలో అది కొనడం మానేశారు. అడుగున మిగిలింది పారబోయడానికి మనసు రాక వీడు షాంపూ సీసాలో పోసి ఇంటికి తెచ్చాడు.

"నల్ల టేపు చుట్టాను కదమ్మా" అన్నాడు.

తప్పు ఎవరిదో తేల్చుకునే వ్యవధి లేదు. ఆ పిల్లను పట్టుకో, ధారగా పడే నీళ్ళ కింద చేయి పెట్టమను, వెంటనే పెద్దాసుపత్రికి పొమ్మను, నేను వాళ్ళకు ఫోన్ చేసి యాసిడ్ పేరు చెప్తాను, దానికి కాల్షియం జెల్లీ అని ఒకటి రాయాలి, నేను బయలుదేరుతున్నాను అన్నాడు. డిపో ఊరికి ఆ చివర. గంటన్నర దారి.

నా ఫోనుకి పెద్ద పెద్ద బొత్తాలు. రెండు నొక్కితే మా అబ్బాయి, మూడు నొక్కితే పిచ్చుక, నాలుగు నొక్కితే కంపెనీ ఆఫీసు. అన్నీ అదే పెట్టి ఇచ్చింది. మూడు నొక్కాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. మనిషిని పట్టుకున్నప్పుడు ఫోను ముట్టకూడదని వాళ్ళకు రూలు. సంచీలో వేసి, సంచీ తలుపుకి తగిలిస్తారు. ఎవరింట్లో తలుపుకో వేలాడుతూ ఆ సంచీ మోగుతూ ఉంటుంది.

నా కాళ్ళు సరిగా ఉంటే మెట్లు దిగి పరిగెత్తేదాన్నేమో. కానీ ఎక్కడికని? అది తన రెండో ఇంటి గురించి చెప్పేది, కానీ పేర్లు చెప్పకూడదట. పక్షవాతం వచ్చిన ఒక ముసలాయన, పొద్దస్తమానం రేడియో పెట్టుకుని ఉంటాడట, ఆయన్ని రేడియో తాత అనేది. పన్నెండు దాటాక మూడో ఇల్లు, అక్కడ మంచంలోనే పెరుగుతున్న ఒక పాప. ఇంతే నాకు తెలుసు. ఏ వీధో తెలియదు. తెలిసినా ఏం చేస్తాను. మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాను. స్నానాల గది తలుపు ఇంకా తెరిచే ఉంది. గచ్చు తళతళలాడుతోంది. ఆ గచ్చు వైపు చూడాలంటే భయం వేసి ముఖం గోడకు తిప్పుకున్నాను.

నాలుగో బొత్తాం నొక్కితే ఆఫీసు పలుకుతుంది. ఆఫీసుకు ఆ రేడియో తాత ఇంటి నంబరు తెలుసు. కానీ నొక్కితే పిచ్చుక ఉద్యోగం పోతుంది. నాలుగు మీద బొటనవేలు పెట్టి తీసేశాను. ముందు దాన్నే పట్టుకుందాం, చెప్పేద్దాం, నెమ్మదిగా ఆసుపత్రికి పోతుంది, ఎవరికీ తెలియనక్కర్లేదు అనుకున్నాను. మళ్ళీ మూడు నొక్కాను. మళ్ళీ. మళ్ళీ. గోడ గడియారంలో పది నిమిషాలు గడిచాయి. ఆ పది నిమిషాలకు ఇంకెవరినీ అనడానికి లేదు, అవి నావే.

చివరికి నొక్కాను. ఆఫీసు మేడం పలికింది. మంచి గొంతు, వెన్న రాసినట్టు ఉంటుంది. నేను మొత్తం చెప్పాను. గచ్చు తోమింది అనగానే ఆవిడ "గచ్చు ఎందుకు తోమిందండీ" అంది.

"నేను తోమించాను. ఎన్నాళ్ళ నుంచో పోరుతున్నాను. ఇవాళ దాని మెడ మీద కూర్చుని తోమించాను. ఏం రాసుకుంటారో నా మీద రాసుకోండి తల్లీ, ముందు ఆ ఇంటికి ఫోన్ కొట్టండి."

ఆవిడ పాపం చెడ్డది కాదు. ఎవరింట్లో ఉందో మాకు చెప్పకూడదండీ, నేను చేస్తాను, మీరు కంగారు పడకండి అంది. పెట్టేసింది. నేను కూర్చున్నాను. పక్కన చెంబులో నీళ్ళున్నా చేయి చాచాలని తోచలేదు. కాసేపటికి ఆవిడే చేసింది. ఆ ఇంట్లో ఫోను మోగుతోంది కానీ ఎవరూ ఎత్తట్లేదంది.

ఎవరు ఎత్తుతారు. ఆ తాత లేవలేడు. నేను లేవలేను. ఆ మూడో ఇంటి పాప లేవలేదు. పిచ్చుక రోజంతా తిరిగేది లేవలేని మనుషుల మధ్యే. ఏ ఇంట్లో అయినా లేచి ఫోను ఎత్తగలిగిన మనిషి అదొక్కతే. దానికే ఏదైనా అయితే ఎత్తేవాళ్ళు లేరు. ఈ రెండేళ్ళలో ఒక్కసారైనా నాకు ఈ ఆలోచన రాలేదు. ఇప్పుడు వచ్చి గుండె మీద కూర్చుంది.

తర్వాత అదే చెప్పింది. హాల్లో ఫోను నాలుగుసార్లు మోగడం విన్నదట. అప్పుడు తాతను రెండు చంకల కింద పట్టుకుని కుర్చీలోంచి లేపుతోందట. వదిలితే పడిపోతాడు. అవసరమైనవాళ్ళు మళ్ళీ చేస్తారులే అనుకుందట. రేడియోలో వార్తలు వస్తున్నాయట.

పన్నెండూ పదికి నా ఫోను మోగింది.

"ఏంటి అమ్మమ్మా, పదిహేడుసార్లు చేశావు? పడ్డావా?"

దాని గొంతు వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతలోనే మళ్ళీ జారిపోయింది. చెప్పాను. ముందు వెనకలు అయిపోయాయి, డిపో మనిషి వేలు ముందు చెప్పి సీసా సంగతి తర్వాత చెప్పాను. అది విని నవ్వింది.

"నాకేం నొప్పి లేదు. తువాలు పిండితే కాస్త జివ్వుమంది, అంతే. మీ అబ్బాయి నిన్ను ఊరికే బెదరగొట్టాడు."

"ఆసుపత్రికి పో. ఇప్పుడే పో."

"పాప ఇంటికి టైమైపోయింది. వాళ్ళమ్మ నేనొస్తేనే డ్యూటీకి వెళ్తుంది. సాయంత్రం చూపించుకుంటాలే."

నొప్పి ఉన్నవాళ్ళకు ధైర్యం చెప్పడం నాకు తెలుసు. ఆరుగురిని కన్నాను, ఇద్దరిని సాగనంపాను, ఎంతోమంది పక్కన కూర్చున్నాను. నొప్పి లేని మనిషికి భయం చెప్పడం ఎలాగో తెలియలేదు. బతిమాలితే నవ్వుతుంది. తిడితే ఫోను పెట్టేస్తుంది. పాపను వదిలి ఎక్కడికీ పోదు, దాని గుణం నాకు తెలుసు. అందుకని మామూలుగా అడిగినట్టు అడిగాను.

"సరే పో. పోయేముందు నా కోసం ఒక్కసారి వేళ్ళు చూడు. ఇంకా ముడతలే ఉన్నాయా?"

"లేవు. ముడతలు పోయాయి."

"గోళ్ళ కింద ఏ రంగు?"

ఫోను ఎడమ చేతికి మార్చుకున్న చప్పుడైంది.

"తెల్లగా ఉన్నాయి. నడిమి వేలికి కాస్త బూడిద రంగు. గోరింటాకు పెట్టుకుంటే ఎర్రగా ఉంటుందే, అంతమేర."

"ఆ వేలు చివర గిల్లు."

వెనకాల రేడియోలో ఎవరో పాడుతున్నారు.

"గిల్లావా?"

"ఆఁ."

"గట్టిగా గిల్లు. గోరు దింపు."

"దింపాను అమ్మమ్మా." గొంతు సన్నగా, చిన్నపిల్ల గొంతులా అయిపోయింది. "నాకు తెలియట్లేదు."

నేను అనుకున్నది అదే. అది దాని నోటి నుంచి వినగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. భయపెట్టాలనుకున్నాను, భయపడింది. ముందు నేనే తేరుకున్నాను. తాతను మంచం మీద పడుకోబెట్టావా అని అడిగాను. పడుకోబెట్టిందట. అయితే కుళాయి ధారగా తిప్పి దాని కింద చేయి పెట్టు, ఫోను పక్కన పెట్టు, కట్ చేయకు అన్నాను. నీళ్ళ చప్పుడు వినబడింది. ఆ నీళ్ళ చప్పుడులోంచే అది అడిగింది.

"మా అమ్మాయికి జడలు వేయడానికి పనికొస్తాయా ఈ వేళ్ళు?"

ఆసుపత్రికి పద అన్నాను.

మూడో ఇంటికి ఇంకెవరినైనా పంపమని ఆఫీసు మేడంకి నేను చెప్తానన్నాను, చెప్పాను కూడా. ఆవిడ ఏమీ అడగకుండా పంపింది. పిచ్చుక ఒక నీళ్ళ సీసా నింపుకుని ఆటో ఎక్కింది. ఎడమ చేత్తో కుడిచేతి మీద పోసుకుంటూ వెళ్ళమన్నాను. ఫోను భుజానికీ చెవికీ మధ్య పెట్టుకుంది. ఆటో చప్పుడు, హారన్లు, మధ్య మధ్య దాని ఊపిరి. సగం దూరం పోయాక నొప్పి వచ్చింది.

వచ్చిందని అది చెప్పలేదు. మొదట మాట ఆగిపోయింది. తర్వాత పళ్ళు బిగించి ఊపిరి తీసినట్టు వినబడింది. తర్వాత మూలుగు. ఆటో అబ్బాయి "ఏమైందక్కా, ఏమైంది" అంటున్నాడు. "త్వరగా పోనీ" అంది. తర్వాత అరిచింది. కాన్పు నొప్పులూ చూశాను, కాలిన వాళ్ళనూ చూశాను, ఇలాంటి అరుపు వినలేదు. గోళ్ళ కింద సూదులు దింపి తిప్పుతున్నట్టు ఉందని తర్వాత చెప్పింది. చేయి కోసి పారేయమని అడిగిందట. అది నాకు వినబడలేదు. ఆ లోపే ఫోను ఎక్కడో పడిపోయింది, లైను పోయింది.

ఇక అక్కడి నుంచి నేనూ, గడియారమూ. మాత్రలు వేసుకోలేదు. అన్నం మూత తీయలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని, అది మోగుతుందేమోనని భయం, మోగదేమోనని భయం. గుండె కూడా ఆగుతుంది అన్నాడు కదా, ఆ మాటే తిరుగుతోంది. బయట ఎవరో సామాను దించుతున్నారు, ఎవరో ఎవరినో కేకేస్తున్నారు, లోకం దాని పని అది చేసుకుంటోంది. పక్కింటివాళ్ళు తలుపు కొట్టి, మీ కోడలు మాకు ఫోన్ చేసింది, ఎలా ఉన్నారు అని అడిగారు. బాగానే ఉన్నాను అన్నాను. ఏం చెప్పను?

మూడున్నరకు ఆసుపత్రి నుంచి మా అబ్బాయి చేశాడు. ప్రాణానికి భయం లేదు అన్నాడు ముందు. ఆ మాట ముందు చెప్పినందుకు వాడికి నూరేళ్ళు. వాడు ఫోన్ చేసి చెప్పి ఉంచాడు కాబట్టి వాళ్ళు జెల్లీ సిద్ధంగా పెట్టారట. గ్లౌజు నిండా జెల్లీ పోసి, అందులో ఆ చేయి పెట్టి కూర్చోబెట్టారట. అదీ చాలక వేళ్ళ మధ్య సూది మందు ఎక్కించారట. చూపుడు వేలికీ నడిమి వేలికీ గోళ్ళు తీసేశారు, మందు కిందికి దిగాలని. గుండెకు వైర్లు తగిలించి చూస్తున్నారు. ఇంకో మూడు గంటలు ఆలస్యమైతే కథ వేరుగా ఉండేదని డాక్టరు అన్నాడట. వేళ్ళు ఉంటాయా అని అడిగాను. మూడు రోజులు ఆగితే గానీ చెప్పలేరట.

ఆ మూడు రోజులు నేను ఎలా గడిపానో చెప్పినా ఎవరికీ అర్థం కాదు. కోడలు సెలవు పెట్టి నాకు స్నానం చేయించింది. నేను ఆ కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని. కోడలు సబ్బు కళ్ళలో పడిందేమో అనుకునేది. మా అబ్బాయి ఆ సీసాను రెండు సంచుల్లో చుట్టి డిపోకి తీసుకెళ్ళి, అక్కడ అలాంటివి తీసుకునేవాళ్ళకు అప్పగించి వచ్చాడు. వచ్చి నా మంచం పక్కన కింద కూర్చున్నాడు. వాడికి యాభై దాటాయి. ఒకళ్ళ తప్పు ఒకళ్ళం చూసుకుంటూ కూర్చున్నాం.

రెండో రోజు ఆఫీసు మేడం కాగితాలు పట్టుకుని వచ్చింది. నేను చెప్పింది రాసుకుంది. ఆ పిల్ల తనంతట తాను చేసిందా, మీరు చెప్తే చేసిందా అని మూడుసార్లు తిప్పి తిప్పి అడిగింది. మూడుసార్లూ నేనే చేయించానన్నాను. వేలిముద్ర చాలంది. నేను సంతకం పెట్టాను. నాకు వచ్చిన నాలుగు అక్షరాలూ అందులోనే ఉన్నాయి. పిచ్చుకను తీసేస్తారా అని అడిగితే, చేయి నయమవ్వాలి, ఆ చేత్తో మనుషుల్ని పట్టుకోగలదని డాక్టరు రాసివ్వాలి, అప్పుడు చూస్తాం అంది. ఆ చూస్తాం నాకు నచ్చలేదు. కానీ ఆ కాగితంలో పిచ్చుక తప్పని ఎక్కడా రాయలేదని నాకు చదివి వినిపించింది.

మూడో రోజు సాయంత్రం వేళ్ళు ఉంటాయని చెప్పారు. నేను దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఏడ్చాను.

ఇరవై రోజుల తర్వాత పిచ్చుక మా ఇంటికి వచ్చింది. పనికి కాదు, చూడటానికి. కూతుర్ని వెంట తెచ్చింది. ఆ పాపకు ఒకే జడ ఉంది, అదీ వంకరగా ఉంది. నేను చూసి చూడనట్టు ఊరుకున్నాను. పిచ్చుక మొదటిసారి మా ఇంట్లో కుర్చీ లాక్కుని కూర్చుంది. చేయి చూపించమంటే కట్టు విప్పింది. కొత్త తోలు వచ్చింది, గులాబి రంగు, పసిపిల్లల పాదాల్లా. రెండు వేళ్ళకు గోళ్ళు లేవు. నడిమి వేలి చివర లోపలికి కొంచెం సొట్టపోయింది.

"డాక్టరు రేపు పరీక్ష చేస్తాడట" అంది. "మనిషిని లేపగలనా లేదా అని. ఇసక బస్తా పెడతారట."

"ఇసక బస్తా ఎందుకు, నేను లేనూ?"

అది నవ్వలేదు. వద్దు అమ్మమ్మా, పడితే అంది. పడితే పడతాను, నువ్వు పట్టుకో అన్నాను. నాకు భయం లేదని కాదు. ఒకసారి విరిగిన తుంటి. ఇంట్లో ఇంకెవరూ లేరు, పాప తప్ప. పిచ్చుక ముఖం చూస్తే దానికి నాకంటే ఎక్కువ భయంగా ఉంది. ఈ భయం పెట్టుకుని రేపు ఆ డాక్టరు ముందుకు వెళ్తే బస్తా కూడా లేవదు.

మంచం అంచుకి జరిగాను. కాళ్ళు కింద పెట్టాను. అది ఎదురుగా వచ్చి, మోకాళ్ళు వంచి, నా రెండు ముంజేతులూ పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు అంది. నా బరువంతా ఒక్కసారి దాని చేతుల మీదికి వెళ్ళింది. దాని దవడ బిగుసుకుంది. నా కాళ్ళు వణికాయి, నా తుంటి కలుక్కుమంది, ఒక్క క్షణం ఇద్దరం ఊగాం. తర్వాత నిలబడ్డాను.

అలాగే నిలబడి ఉండిపోయాం. కుడి వైపు దాని బొటనవేలూ, చూపుడు వేలూ, చివరి రెండు వేళ్ళూ నా చేతిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. నడిమి వేలు మాత్రం నా చేతి మీద ఊరికే ఆని ఉంది. అది పట్టుకుంటోందో లేదో నాకు తెలియలేదు.

"పట్టుకున్నానా?" అని అడిగింది. దానికీ తెలియట్లేదు.

"పట్టుకున్నావు" అన్నాను. "వదలకు."